వాన వెలిసేదాకా ఆగితే మోజెల్ చూడలేం

సైకిల్ పుట్టిందే వానల వల్ల అంటారు కొందరు చరిత్రకారులు. 1815లో ఇండోనేసియాలో తంబోరా అగ్నిపర్వతం బద్దలైంది. ఆ బూడిద ఆకాశాన్ని కమ్మేయడంతో మరుసటి ఏడాది యూరప్‌లో వేసవే రాలేదు. ఒకటే వానలు, చలి. పంటలు పోయాయి. గుర్రాలకు దాణా కరువైంది. గుర్రం లేకుండా మనిషి ప్రయాణం చేసేదెలా అన్న ఆలోచనతోనే జర్మనీలోని మాన్‌హైమ్‌లో కార్ల్ డ్రైస్ అనే ఆయన రెండు చక్రాల బండి తయారుచేశాడని వాళ్ల ఊహ. ఊహ సంగతి ఎలా ఉన్నా, 1817 జూన్ 12న ఆయన ఆ బండెక్కి, కాళ్లతో నేలను తన్నుకుంటూ ఊరు దాటి వెళ్లొచ్చాడన్నది మాత్రం చరిత్ర. దానికి పెడళ్లు లేవు, చైను లేదు. చక్రాలూ చట్రమూ చెక్కవే.

అందుకేనేమో, జర్మన్లకు వానలో సైకిల్ తొక్కడమంటే మనం గొడుగు పట్టుకుని కూరగాయలకు వెళ్లినంత మామూలు. వాతావరణం ఎప్పుడూ చెడ్డది కాదు, వేసుకున్న బట్టలే సరైనవి కావు అని వాళ్లకో నానుడి కూడా ఉంది. అందులో నిజమెంతో తేల్చుకునే రోజు మాకూ వచ్చింది. మోజెల్ నది వెంట ట్రియర్ నుంచి బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా అరవై కిలోమీటర్ల పైచిలుకు దారి. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా వానే!

మెలికల నది

మోజెల్ పేరు మనలో చాలామందికి తెలియదు. కానీ ఆ నది ఒడ్డునున్న ఒక పల్లె పేరు మాత్రం పాస్‌పోర్టు ఉన్న ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది. అదే షెంగెన్. లక్సెంబర్గ్‌లోని ఈ చిన్న ఊరి దగ్గర, మోజెల్ మీద లంగరేసిన ఓడలో 1985 జూన్ 14న అయిదు దేశాలు సంతకాలు చేశాయి. యూరప్‌లో సరిహద్దు తనిఖీలు ఎత్తేయడానికి అక్కడే మొదలు. మన పిల్లలు తీసుకునే షెంగెన్ వీసాకు ఆ పేరు అలా వచ్చింది.

ఈ నది ఫ్రాన్స్‌లోని వోజ్ కొండల్లో పుట్టి, లక్సెంబర్గ్ అంచు తాకి, జర్మనీలోకి వచ్చి, కోబ్లెంజ్ దగ్గర రైన్ నదిలో కలుస్తుంది. మొత్తం పొడవు 545 కిలోమీటర్ల దాకా ఉంటుంది. మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు వంద కిలోమీటర్లు కూడా లేదు. నది మాత్రం 190 కిలోమీటర్లు తిరిగి తిరిగి వెళుతుంది. కారున్నవాళ్లకు ఇది విసుగు. సైకిలున్నవాళ్లకు ఇదే వరం. ఎదురుగా కనిపించిన కొండే గంట తర్వాత వీపు వెనక కనిపిస్తుంది. దారి నీటి పక్కనే కాబట్టి పెద్ద ఎత్తుపల్లాలుండవు. పదేళ్ల పిల్లలూ, డెబ్భై దాటిన దంపతులూ ఒకే దారిలో పోతూ కనిపిస్తారు.

నాతోపాటు వచ్చింది మా మేనల్లుడు. కైజర్స్‌లౌటర్న్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. పుట్టి పెరిగింది భద్రాచలంలో. ట్రియర్‌లో పొద్దున్నే కిటికీ పరదా తీసి, ‘మామయ్యా, ముసురు పట్టినట్టుంది. బస్సులో పోదామా?’ అన్నాడు. వాడన్నదీ సబబే. ఈ లోయలో వెనక సైకిళ్ల ట్రాలీ తగిలించుకున్న బస్సులు సీజన్‌లో నడుస్తాయి. ట్రియర్ దాటాక బుల్లే దాకా రైలు మార్గం నదిని వదిలేసి పక్కకు పోతుంది కాబట్టి, మధ్యలో అలిసిపోయినవాళ్లకు ఆ బస్సే దిక్కు. ‘బస్సు ఎక్కడైనా ఎక్కొచ్చురా, ముందు తొక్కి చూద్దాం’ అన్నాను. రెయిన్‌కోట్లు తొడుక్కున్నాం.

నల్ల ద్వారం, పాత వంతెన

ట్రియర్ రోమన్లు కట్టిన నగరం. ఊరి నడిబొడ్డున పోర్టా నిగ్రా అనే కోట ద్వారం ఉంది. క్రీ.శ. రెండో శతాబ్దం నాటిది. ఇసుకరాళ్లను సున్నం లేకుండా ఒకదానిమీద ఒకటి పేర్చి, ఇనుప బందులు వేసి నిలబెట్టారు. ఏళ్ల తరబడి మసిబారి నల్లబడింది. పేరుకు అర్థం కూడా నల్ల ద్వారమే. వానకు తడిసి ఆ రోజు ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది. కార్ల్ మార్క్స్ 1818లో పుట్టిన ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఇప్పుడది మ్యూజియం.

నది దాటడానికి రోమన్ వంతెన ఎక్కాం. జర్మనీలో ఇంతకంటే పాత వంతెన లేదు. పై భాగాన్ని తర్వాతి కాలాల్లో తిరిగి కట్టారు కానీ, నీళ్లలో నిలబడ్డ స్తంభాలు రెండో శతాబ్దం నాటివే. వాటి మీంచి ఇప్పటికీ కార్లూ బస్సులూ పోతున్నాయి. పద్దెనిమిది వందల ఏళ్లకు పైగా ఎన్ని వరదలు ఆ రాళ్లను ఒరుసుకుంటూ పోయి ఉంటాయో!

ఏరంగ్‌లో ఆగినప్పుడు

ఊరు దాటిన కాసేపటికి ఏరంగ్ వచ్చింది. ట్రియర్ శివారు అది. ఇక్కడ కిల్ అనే చిన్న నది వచ్చి మోజెల్‌లో కలుస్తుంది. మన లెక్కలో నది అనాలన్నా మనసొప్పదు. వాగు అంటే సరిపోతుంది. ఆ వాగే 2021 జులైలో కట్టలు తెంచుకుని ఏరంగ్ మీద పడింది. వందల ఇళ్లు మునిగాయి. ఆసుపత్రిలోని రోగులను హడావుడిగా వేరేచోటికి తరలించాల్సి వచ్చింది.

అదే వానలకు, ఇక్కడికి ఉత్తరాన ఉన్న ఆర్ నది లోయలో జరిగింది ఇంకా ఘోరం. 130 మందికి పైగా చనిపోయారు. దేశమంతటా కలిపి ఆ వరదల్లో పోయిన ప్రాణాలు 180కి పైనే. ఇంత సంపన్న దేశంలో, ఇన్ని పరికరాలున్నచోట ఇదెలా జరిగిందని ప్రపంచమంతా విస్తుపోయింది.

తర్వాత బయటపడ్డ సంగతుల్లో ఒకటి మనమూ గుర్తుపెట్టుకోవాలి. ఆర్ లోయకు అంతటి వరద కొత్త కాదు. 1804లో వచ్చింది. 1910లో వచ్చింది. పాత కాగితాల్లో ఆ వివరాలున్నాయి. కానీ ముంపు ప్రాంతాల పటాలు గీసినప్పుడు లెక్కలోకి తీసుకున్నవి 1940ల నుంచి పరికరాలు నమోదు చేసిన కొలతలే. తాతల నాటి వరదలు ఆ లెక్కలోకి రాలేదు. పటంలో ముంపు గీత ఆగినచోట నీళ్లు ఆగలేదు.

కిల్ వంతెన మీద నిలబడి కిందికి చూశాం. సన్నగా, అమాయకంగా పారుతోంది. మీద పడుతున్న చినుకులకు సుడులు కూడా తిరగడం లేదు. మా వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు.

వానలో తొక్కేవాళ్ల చిట్కాలు

పది గంటలకు వాన ఊపందుకుంది. దారి ఖాళీ అయిపోతుందనుకున్నాం. కాలేదు. ఎదురుగా వచ్చేవాళ్లు వస్తూనే ఉన్నారు. ఎర్ర కోట్లు, పసుపు కోట్లు, హెల్మెట్ల మీద ప్లాస్టిక్ తొడుగులు. ప్రతి ఒక్కరూ చెయ్యెత్తి పలకరించేవారే. ఎండ రోజున ఎవరి దారి వాళ్లది. వానలో మాత్రం అందరూ ఒకే ఇంటివాళ్లయిపోతారు.

వాళ్లను చూస్తే చాలు, కొన్ని కిటుకులు తెలిసిపోతాయి. సైకిల్ వెనక చక్రానికి రెండు పక్కలా వేలాడే సంచుల మూతిని మూడు నాలుగు చుట్లు చుట్టి బిగిస్తారు. చుక్క నీరు లోపలికి పోదు. బూట్ల మీద తొడుగులు వేసుకుంటారు. చక్రాలు తడిసినప్పుడు బ్రేకు ఆలస్యంగా పట్టుకుంటుంది కాబట్టి మలుపుకు చాలా ముందే మెల్లగా నొక్కుతారు. రైలు పట్టా అడ్డొస్తే ఏటవాలుగా కాకుండా నిటారుగా దాటుతారు. రోడ్డు మీది తెల్లగీతలు, తడి ఆకులు, చెక్క వంతెనలు జారుడుబల్లలని తెలిసి అక్కడ హ్యాండిల్ తిప్పరు. ఉరుములు మొదలైతే మాత్రం పంతానికి పోరు. చెట్టు కింద కాకుండా ఏదో ఒక ఇంటి పంచనో, బస్‌స్టాపులోనో చేరిపోతారు. సాయంత్రం దిగాక చైను తుడిచి నూనె వేయనిదే భోజనానికి కూర్చోరు.

మేరింగ్ దగ్గర ఒక బేకరీలో ఆగాం. లోపల అడుగుపెట్టగానే కళ్లద్దాలు మసకబారిపోయాయి. నీళ్లు కారుతున్న కోట్లతో వెళితే ఎవరైనా విసుక్కుంటారు కదా! అక్కడ తలుపు పక్కనే వాటి కోసం కొక్కేలూ, కింద తుడుపుగుడ్డా ఉన్నాయి. వేడి చాక్లెట్ తాగి, వెన్న రాసిన రొట్టె తిని, మా వాడు జేబులోంచి వాళ్లమ్మ పంపిన కారప్పూస పొట్లం తీశాడు. ముసురులో కారప్పూస రుచి ఏ దేశంలోనైనా ఒకటే.

పలకరాయి కొండలు

ఇక్కడి నుంచి కొండలు నది మీదికి ఒరిగినట్టు దగ్గరకొచ్చేస్తాయి. వాటి నిండా ద్రాక్ష తోటలే. ఒకప్పుడు మన బడి పలకలు చేసేవారే, ఆ జాతి రాయే ఈ కొండలన్నీ. పగలంతా ఎండను తాగి, రాత్రి ఆ వేడిని తీగలకు మెల్లగా వదులుతుంది. ఇంత చలి ప్రాంతంలోనూ రీస్లింగ్ ద్రాక్ష పండటానికి ఆ రాయే ఆసరా. నీళ్లు కూడా నిలవనివ్వదు. జోరువానలోనూ తోటల్లో బురద కనిపించకపోవడానికి కారణం అదే. కాకపోతే గట్టి వానకు రాతి పెచ్చులు కిందికి కొట్టుకొస్తాయి. వాటిని బుట్టల్లో ఎత్తి మళ్లీ పైకి మోయడం పాతకాలంలో రైతులకు ఏటా ఉండే చాకిరీ. ఈ నది మీదే ఇంకా దిగువన బ్రెమ్ అనే ఊరి దగ్గర తోట వాలు 65 డిగ్రీల దాకా ఉంటుంది. నిలబడితేనే జారిపోయేంత వాలు. అలాంటిచోట్ల ఇప్పుడు ఒంటి పట్టా మీద పాకే చిన్న బండ్లలో మనుషులూ బుట్టలూ పైకి చేరతారు.

ఇక్కడ ద్రాక్ష నాటింది రోమన్ల కాలంలో. నోయ్‌మాగెన్‌లో 1878లో ఒక రాతి శిల్పం దొరికింది. పీపాలు నింపుకుని తెడ్లతో సాగే పడవ. ద్రాక్షసారా వర్తకుడి సమాధి మీద చెక్కించుకున్నదట. అసలుది ట్రియర్ మ్యూజియంలో ఉంది. ఊళ్లో దాని నకలు పెట్టారు. 2007లో ఆ శిల్పాన్ని చూసి నిజమైన పడవే కట్టి నీళ్లలో దింపారు. ఆ పక్కనే పీస్‌పోర్ట్. 1985లో అక్కడి తోటలను చదును చేస్తుంటే నాలుగో శతాబ్దం నాటి ద్రాక్షరసం పిండే శాల బయటపడింది. ద్రాక్ష తొక్కే తొట్లు, రసం చేరే గుంటలు వరసగా కనిపిస్తాయి. రోమ్ చక్రవర్తి కొడుక్కి చదువు చెప్పడానికి ట్రియర్ వచ్చిన ఆసోనియస్ అనే కవి, క్రీ.శ. 371 ప్రాంతంలో ఈ నది మీద ఒక కావ్యమే రాశాడు. ఒడ్డున ద్రాక్ష తోటలూ, నీళ్లలో రకరకాల చేపలూ అందులో ఉంటాయి.

బ్రౌనెబర్గ్ చేరేసరికి మధ్యాహ్నం మూడున్నర. అవతలి కొండ మీద తోటల మధ్య ఒక ఎండ గడియారం ఉంది. పనివాళ్లు పొద్దు చూసుకోవడానికి కట్టుకున్నది. ఆ తోటకు పేరు కూడా దాని మీదే వచ్చింది. ఆ రోజు మాత్రం దానికి సెలవు. మబ్బు ముక్కలు తోటల మధ్య పొయ్యి పొగలా పాకుతున్నాయి. ‘ఎండలో వచ్చుంటే టైమ్ తెలిసేది కానీ ఈ పొగ కనపడేది కాదు మామయ్యా’ అన్నాడు మా వాడు. పొద్దున బస్సు అన్నవాడే!

గోడ మీద గీతలు

సాయంత్రానికి బెర్న్‌కాస్టెల్-కూస్ చేరాం. ఒక ఒడ్డున బెర్న్‌కాస్టెల్, ఇంకో ఒడ్డున కూస్. చెక్క చట్రాల మధ్య మట్టి మెత్తి కట్టిన పాత ఇళ్లు. 1416 నాటి ఇల్లొకటి కింద సన్నగా, పైన వెడల్పుగా బొంగరంలా నిలబడి ఉంది. కూస్‌లో పుట్టిన నికొలౌస్ (1401-1464) గొప్ప తత్వవేత్త, మతాచార్యుడు. తన సంపదతో ఊళ్లో వృద్ధుల కోసం ఆశ్రమం కట్టించాడు. అయిదున్నర శతాబ్దాలు దాటినా అది ఇప్పటికీ వృద్ధాశ్రమంగానే నడుస్తోంది.

మేం దిగిన గెస్ట్‌హౌస్ నదికి రెండు వీధుల అవతల. సైకిల్ యాత్రికులను ప్రత్యేకంగా చూసుకునే బసలకు జర్మన్ సైక్లిస్టుల సంఘం 1995 నుంచి ఒక గుర్తింపు ఇస్తోంది. ఒక్క రాత్రికి వచ్చినా కాదనకూడదు. సైకిళ్లకు తాళం వేసే గది ఉండాలి. తడి బట్టలు ఆరేసుకునే చోటు ఉండాలి. పంక్చరు సామాన్లుండాలి. ఇంటి పెద్దావిడ మమ్మల్ని చూసీ చూడగానే నేరుగా బాయిలర్ గదికి తీసుకెళ్లింది. దండేల మీద అప్పటికే అయిదారు కోట్లు. బూట్లలో కుక్కడానికి పాత న్యూస్‌పేపర్ల కట్ట సిద్ధంగా ఉంది.

భోజనం ముందు నది చూసొద్దామని బయటికొస్తే గోడల మీద గీతలు కనిపించాయి. గీత పక్కన నెల, సంవత్సరం. మోజెల్ ఒడ్డున ఏ ఊళ్లో చూసినా ఇవి ఉంటాయి. ఏ ఏడాది వరద ఎంతవరకు వచ్చిందో చెప్పే గుర్తులు. 1784 ఫిబ్రవరిలో మంచు గడ్డలు కొట్టుకొచ్చిన వరద, 1993 డిసెంబరు వరద చాలాచోట్ల కనిపిస్తాయి. 1993లో క్రిస్మస్‌కు నాలుగు రోజుల ముందు ట్రియర్ దగ్గర నీటిమట్టం 11.28 మీటర్లకు చేరింది. మామూలుగా అది మూడు మీటర్లకు అటూఇటూ ఉంటుంది.

మా వాడు ఆ గీతల కింద నిలబడి చెయ్యి పైకెత్తాడు. అందలేదు. ‘మనకు 43 అడుగులు దాటితే మొదటి హెచ్చరిక, 53కి మూడోది. 1986లో 75.6 అడుగులు వచ్చిందని తాతయ్య చెప్పేవాడు. మొన్న 2022లో 71.3. కానీ మా వీధిలో ఏ గోడ మీదా ఇలా రాసి లేదు మామయ్యా’ అన్నాడు. గోదావరి లెక్కలు వాడికి నోటికొచ్చు.

నది మీద ఆనకట్టలున్నాయి కదా, వరదను ఆపవా అన్నది ఎవరికైనా వచ్చే అనుమానమే. ట్రియర్, కోబ్లెంజ్‌ల మధ్య పది లాకులున్నాయి. 1964 నుంచి పెద్ద సరుకు పడవలు వాటి మీదుగానే తిరుగుతున్నాయి. అవి పడవలకు లోతు నిలపడానికి కట్టినవి, వరద దాచడానికి కాదు. వరదొస్తే గేట్లన్నీ తీసేసి నదిని దాని మానాన వదిలేస్తారు. అందుకే ఒడ్డు పక్క పాత ఇళ్లలో కింది అంతస్తు పీపాలకో, సామానుకో. కాపురం పైన. నీళ్లొస్తే సామాను మెట్లెక్కిస్తారు, పోయాక గోడలు కడిగేస్తారు.

అన్నిటికంటే ముందు మునిగేది సైకిల్ దారే. నదికీ ఊరికీ మధ్య కొన్నిచోట్ల పచ్చిక, పక్కన ఈ సన్నటి తారు దారి. కొన్నిచోట్ల 1960ల్లో మూతబడిన చిన్న రైలు మార్గం మీదే దీన్ని వేశారు. ఆ దారి మునిగితే నాలుగు రోజులు మూసేసి, బురద ఎత్తి మళ్లీ తెరుస్తారు. అక్కడ షాపులో, అపార్టుమెంటో ఉంటే ఆ నష్టం ఎన్ని ఇళ్లకు తగిలేదో! నది పక్క జాగాను ఇలా నడకకూ సైకిలుకూ వదిలేయడం విహారం కోసమే అనుకుంటాం. వాన రోజున వస్తే దాని రెండో ఉపయోగం కూడా తెలుస్తుంది. అలాగని ఇక్కడివాళ్లు అన్నీ తెలిసినవాళ్లనీ అనలేం. ఆర్ లోయ కూడా ఈ దేశంలోదే. గోడ మీద గీత గీసి ఉంచడం ఒకటి, ఇల్లు కట్టేటప్పుడు ఆ గీత వైపు చూడటం ఇంకొకటి. మన నదుల ఒడ్డున మొదటిదైనా చేయడానికి ఖర్చు పెద్దగా అవదు. ఒక బ్రష్షు, కాస్త రంగు, ఆ రాత్రిని చూసిన ఒక పెద్దాయన ఉంటే చాలు.

వెళ్లాలనుకుంటే...

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. ద్రాక్ష కోతలు శరదృతువులో. ట్రియర్‌కు లక్సెంబర్గ్ నుంచి గంట లోపే రైలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వచ్చేవాళ్లు కోబ్లెంజ్‌లో మారితే సరిపోతుంది. రైల్లో సైకిల్‌కు వేరే టికెట్ అవసరమేమో ముందే కనుక్కోండి. ట్రియర్‌లో సైకిళ్లు అద్దెకు దొరుకుతాయి. దారి పొడవునా తెల్ల పలక మీద ఆకుపచ్చ అక్షరాల బోర్డులుంటాయి.

సైకిల్‌కు లైట్లు ఉండాలన్నది అక్కడి చట్టం. హెల్మెట్ తప్పనిసరి కాదు, అయినా పెట్టుకోవడమే మేలు. ఊళ్లలో రోడ్డు మీదికి వచ్చినప్పుడు ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఫుట్‌పాత్ మీదే తొక్కాలి. పిల్లలతో వెళితే రోజుకు ముప్ఫై కిలోమీటర్లు పెట్టుకోండి, చూడటానికి సమయం మిగులుతుంది.

వరసగా వానలు పడుతుంటే బయల్దేరేముందు నీటిమట్టం చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ వరద సమాచార కేంద్రం ఎప్పటికప్పుడు ఇంటర్నెట్‌లో పెడుతుంది. దారి మూసిన బోర్డు కనిపిస్తే పక్కనుంచి దూరిపోవద్దు. వరద తీసినా దారి మీద మిగిలే ఒండ్రు సబ్బులా జారుతుంది. అత్యవసరమైతే ఫోన్ నంబరు 112.